గ్రాంటు వస్తుంది, కానీ మీ మొదటి రూపాయి దానిది కాకూడదు

ప్రశ్న: వారాసిగూడలో రెండు గదులు అద్దెకు తీసుకొని మూడేళ్ళుగా సాయంత్రం పూట 40 మంది బస్తీ పిల్లలకు చదువు చెబుతున్నాం. అదే చోట పొద్దున పాతిక మంది పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటారు. టీ, టిఫిన్ ఇస్తాం, బీపీ చూస్తాం. ఖర్చంతా మా నలుగురి జేబుల్లోంచే. సొసైటీ రిజిస్టర్ చేయించి రెండేళ్ళయింది. గవర్నమెంట్ గ్రాంటు ఎలా వస్తుంది? ఒకాయన 15 శాతం ఇస్తే ఢిల్లీ నుంచి 20 లక్షలు శాంక్షన్ చేయిస్తానంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు:

ముందు ఆ 15 శాతం ఆయన సంగతి తేల్చేద్దాం. 20 లక్షల్లో 15 శాతం అంటే 3 లక్షలు. ఆ 3 లక్షలకు వోచర్ ఏమని రాస్తారు? గ్రాంటు డబ్బులో ప్రతి రూపాయికీ బిల్లు చూపించాలి. అంటే రాని టీచరుకు జీతం రాయాలి, కొనని బియ్యానికి రసీదు పుట్టించాలి. వాటి కింద సంతకాలు మీవి, మీ సెక్రటరీవి, ట్రెజరర్‌వి. ఆయన పేరు ఒక్క కాగితం మీదా ఉండదు. కేంద్రం ఇచ్చే గ్రాంటుకు కార్యవర్గ సభ్యులు రాష్ట్రపతి పేరిట బాండు రాసివ్వాల్సి ఉంటుంది. షరతు తప్పితే తీసుకున్న డబ్బు 10 శాతం వడ్డీతో తిరిగి కడతామని, అందుకు అందరూ కలిసీ ఎవరికి వారూ బాధ్యులమని అందులో ఉంటుంది. ఆ బాండు కాపీ ఒకసారి మీ నలుగురూ కూర్చొని చదవండి. తర్వాత ఆయన ఫోన్ ఎత్తాలో వద్దో మీకే తెలుస్తుంది.

నేను సీఏను కాను. ఒక ఆడిటర్ దగ్గర గుమాస్తాగా చేరి, 22 ఏళ్ళుగా సికింద్రాబాద్, ముషీరాబాద్, బోరబండ వైపు చిన్న సంస్థల లెక్కలు రాస్తున్నవాణ్ణి. ఇన్నేళ్ళలో గ్రాంటు రాక మూతపడిన సంస్థలను పెద్దగా చూడలేదు. గ్రాంటు వచ్చాక మూతపడినవాటిని మాత్రం చూశాను. ఎందుకో చెబుతాను.

మీ నెల ఖర్చు మీరు రాయలేదు కాబట్టి నేనే ఒక లెక్క వేస్తాను. పిల్లల వైపు ఇద్దరు టీచర్లకు 8 వేల చొప్పున 16,000. అద్దె 9,000. రోజుకు పిల్లాడికి 10 రూపాయల చిరుతిండి, 40 మందికి 24 రోజులు, 9,600. కరెంటు, చాక్‌పీసులు, నోటుబుక్కులు 1,400. మొత్తం 36,000. పెద్దవాళ్ళ వైపు 25 మందికి రోజుకు 20 రూపాయల టీ టిఫిన్, 26 రోజులకు 13,000. వండి, గిన్నెలు కడిగి, గది ఊడ్చే అమ్మకు 7,000. అది 20,000. రెండూ కలిపి నెలకు 56,000, ఏడాదికి 6 లక్షల 72 వేలు.

ఇప్పుడు గ్రాంటు వచ్చిందనుకోండి. డబ్బు ఒకేసారి రాదు, వాయిదాల్లో వస్తుంది. శాంక్షన్ ఆర్డర్ చేతికొచ్చిన రోజుకీ బ్యాంకులో డబ్బు పడే రోజుకీ మధ్య నెలలు గడుస్తాయి. రెండో వాయిదా మొదటిదాని యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, పంపి అది ఆమోదం పొందాకే. మార్చి నెలాఖరులో బడ్జెట్ అయిపోయిందంటే ఇక అంతే. ఆ నెలల్లో టీచర్లు ఆగరు, ఇంటి ఓనర్ అసలే ఆగడు. గ్రాంటు వచ్చింది కదా అని ఇద్దరు టీచర్లను నలుగురిని చేసి, రెండు గదులను నాలుగు చేసి, ఎనిమిదో నెలలో చేతులెత్తేసినవాళ్ళే ఎక్కువ. అందుకే నా మాట: ఆరు నెలల ఖర్చు, అంటే మీ లెక్కలో 3 లక్షల 36 వేలు, సొంతంగా బ్యాంకులో లేనిదే గ్రాంటుకు చేయి చాపొద్దు. నడుస్తున్న పనికి గ్రాంటు తోడు రావాలి కానీ, గ్రాంటు వస్తే పని మొదలవుతుందనుకోకూడదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ప్రాజెక్టు పేరుతో లెటర్‌హెడ్లు ముందే కొట్టించుకున్నవాళ్ళూ నాకు తెలుసు. మీరు ఆ బాపతు కాదు, మూడేళ్ళుగా నడుపుతున్నారు. అదే మీ అసలు పెట్టుబడి.

ఇంకో సంగతి. గ్రాంటు సంస్థకే రావాలని ఏముంది? మీ దగ్గరికొచ్చే కుటుంబాలకు హక్కుగా రావలసిన డబ్బు వస్తోందా అని ఎప్పుడైనా చూశారా? పిల్లల సంరక్షణకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం ఉంది, దాని కింద స్పాన్సర్‌షిప్ అని ఇస్తారు. తండ్రి చనిపోయిన పిల్లలు, తల్లి ఒంటరిగా పెంచుతున్న పిల్లలు, తల్లిదండ్రులు తీవ్ర జబ్బుతో మంచాన పడిన పిల్లలు, ఇలాంటివారికి నెలకు 4,000 రూపాయలు. పట్నంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా వెళ్తుంది, మంజూరు చేసేది ఒక కమిటీ. మీ 40 మందిలో ఇలాంటి పిల్లలు కనీసం అయిదుగురు ఉంటారని పందెం కాస్తాను. అయిదుగురికి వస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఆ డబ్బు మీ ఖాతాలోకి రాదు, మీరు యూసీ రాయనక్కర్లేదు, ఆ పిల్లాడు బడి మానేసి మెకానిక్ షెడ్డుకు వెళ్ళే అవసరం తగ్గుతుంది. మీరు చేయాల్సిందల్లా మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఆధార్, బడి బోనఫైడ్ సమకూర్చి ఆ తల్లిని వెంటబెట్టుకొని వెళ్ళడం. ఒకసారి కాదు, నాలుగుసార్లు వెళ్ళాల్సి వస్తుంది. ఆమెకు కూలి పోతుంది కాబట్టి ఆటో ఖర్చు మీరే పెట్టుకోండి.

పెద్దవాళ్ళ దగ్గరా ఇదే. ఆసరా వృద్ధాప్య పింఛను 2019 నుంచి 2,016 రూపాయలు. పాతిక మందిలో ఎందరికి వస్తోంది, ఎందరికి వేలిముద్ర పడక ఆగిపోయింది, ఎవరి పేరు ఎందుకు తీసేశారు, ఒక నోటుబుక్కులో రాయండి. కొత్తవి ఎప్పుడు మంజూరవుతాయన్నది వేరే కథ, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను. ఆగిపోయినవాటిని కదిలించడం మాత్రం మీ చేతిలో పనే. వినికిడి యంత్రాలు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017లో మొదలైంది, దాని మొదటి శిబిరాల్లో ఒకటి మన నెల్లూరులోనే పెట్టారు. 60 దాటి, పేదరికరేఖకు దిగువన ఉన్నవారికి లేదా నెల ఆదాయం 15,000 మించనివారికి ఉచితం. ఆ పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో శిబిరాలు పెట్టి ఇస్తుంది. మీ వార్డులో శిబిరం పెట్టమని జిల్లా సంక్షేమాధికారికి ఒక అర్జీ, పాతిక మంది పేర్ల పట్టిక జోడించి ఇవ్వండి. పట్టిక ఉన్న అర్జీకి ఉన్న బలం ఉత్త అర్జీకి ఉండదు. కొడుకులు చూడని ముసలివాళ్ళుంటే 14567 నంబర్ గోడ మీద పెద్దగా రాసిపెట్టండి. ఈ ఎల్డర్ లైన్ ఇప్పుడు దేశమంతటా ఉంది కానీ పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 2017లో, టాటా ట్రస్ట్స్ చేతుల్లో. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు కూడా వెళ్ళవచ్చు, లాయర్ అక్కర్లేదు.

సరే, మీరు అడిగింది సంస్థకు వచ్చే గ్రాంటు గురించి కదా. పెద్దవాళ్ళకు సంబంధించి ముఖ్యమైనది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖది. 2021 నుంచి అటల్ వయో అభ్యుదయ యోజన అనే గొడుగు కింద నడుస్తోంది. స్వచ్ఛంద సంస్థలకు డబ్బిచ్చే భాగం వృద్ధాశ్రమాలకు, మంచాన పడినవారిని, మతిమరుపు జబ్బు ఉన్నవారిని చూసుకునే కేంద్రాలకు, సంచార వైద్య వాహనాలకు, ఫిజియోథెరపీ క్లినిక్‌లకు వెళ్తుంది. టీ తాగి కబుర్లు చెప్పుకునే కూటమి ఎంత అవసరమైనదైనా ఈ గళ్ళలో ఇమడదు. మీకు దగ్గరగా కనిపించేది ఫిజియోథెరపీ క్లినిక్. మోకాళ్ళ నొప్పులు లేని ముసలివాళ్ళు మీ దగ్గర ఎలాగూ ఉండరు. కానీ దానికి అర్హత ఉన్న ఫిజియోథెరపిస్ట్, తగిన గది, పరికరాలు కావాలి. బీపీ చూడటానికంటూ డబ్బు అడగొద్దు. 2018 నుంచి బస్తీ దవాఖానాలు ఆ పని చేస్తున్నాయి, ప్రభుత్వం తను చేస్తున్న పనికే మళ్ళీ మీకు డబ్బెందుకు ఇస్తుంది? దగ్గర్లోని బస్తీ దవాఖానాకు మీవాళ్ళను వారానికోసారి తీసుకెళ్ళి, ఆ చీటీలు దాచిపెట్టండి. మీరు పనిచేస్తున్నారనడానికి అదొక సాక్ష్యం.

పిల్లల విషయంలో కొంచెం నిరాశ కలిగించే మాట చెప్పాలి. బడికి వెళ్తున్న పిల్లల సాయంత్రం చదువుకు నెలనెలా డబ్బిచ్చే పెద్ద కేంద్ర పథకం నా 22 ఏళ్ళలో నాకు ఎదురుపడలేదు. సమగ్ర శిక్షలో డబ్బుంది, అది బడి బయట ఉన్న పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి వయసుకు తగ్గ తరగతిలో చేర్చడానికి. మిషన్ శక్తి కింద పాల్నా ఉంది, అది 6 నెలల నుంచి 6 ఏళ్ళ లోపు పిల్లల క్రెష్‌లకు. మిషన్ వాత్సల్య ఉంది, ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పంచుకుంటాయి, అందులో సంస్థలకిచ్చేది సంరక్షణ లేని పిల్లల ఆశ్రయాలకు. ఇక్కడే చాలామంది జారిపడతారు. గ్రాంటు వస్తుందని ట్యూషన్ సెంటర్‌ను హాస్టల్‌గా మార్చేస్తారు. సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచుకుంటే మీది బాలల సంరక్షణ సంస్థ అవుతుంది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. మీరు సాయంత్రం ఎనిమిదింటికి పిల్లల్ని ఇళ్ళకు పంపేస్తున్నంత కాలం ఆ టెన్షన్ లేదు. అలాగే ఉండనివ్వండి.

కాబట్టి పిల్లల పనికి కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు వైపు చూడటం మంచిది. అది ప్రభుత్వ ధనం కాకపోయినా చట్టం పెట్టించే ఖర్చే. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు పెట్టాలి. మాదాపూర్, గచ్చిబౌలి అంతా అలాంటి కంపెనీలే. అయితే కంపెనీ మీ ద్వారా ఖర్చు పెట్టాలంటే మీకు మూడేళ్ళ పని చరిత్ర, 12ఏ (సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చేవారికి పన్ను మినహాయింపు), సీఎస్‌ఆర్-1 (కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు) రిజిస్ట్రేషన్ ఉండాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చాక సెక్షన్ల నంబర్లు మారాయి కానీ, ఇప్పటికీ అందరూ పాత పేర్లతోనే అడుగుతారు. మీ సొసైటీకి రెండేళ్ళే కాబట్టి ఈ ఏడాది మీరు ఎక్కడా దరఖాస్తు పెట్టకపోయినా నష్టం లేదు. సర్కారు గ్రాంటుకు కూడా గత సంవత్సరాల ఆడిట్ లెక్కలు లేకుండా ఫైలు కదలదు.

ఈ ఏడాదంతా కాగితాలకు వాడండి. సొసైటీ 2001 చట్టం కిందది కదా, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇస్తున్నారా? చాలామంది ఇవ్వరు, అవసరం పడ్డ రోజున మూడేళ్ళవి ఒకేసారి పట్టుకొని ఆఫీసు చుట్టూ తిరుగుతారు. నీతి ఆయోగ్ వారి ఎన్‌జీవో దర్పణ్ అనే వెబ్‌సైట్‌లో నమోదై ఆ నంబర్ తీసుకోండి, అది లేనిదే కేంద్ర దరఖాస్తు ముందుకు పోదు. గ్రాంటు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ప్రభుత్వ డబ్బు ఎటు వెళ్తోందో చూసే పీఎఫ్‌ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో చేర్చండి. సామాజిక న్యాయ శాఖ గ్రాంటుకు దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి, కానీ ఆన్‌లైన్ అన్నారు కదా అని ఇంట్లో కూర్చుంటే లాభం లేదు. జిల్లా నుంచి తనిఖీ, రాష్ట్రం నుంచి సిఫారసు వెళ్ళాలి. ఇదే పనికి వేరే శాఖ దగ్గర డబ్బు తీసుకోలేదని, అడగలేదని కూడా మీరే రాసివ్వాలి. ఒకే ఖర్చును ఇద్దరికి చూపించే తెలివితేటలు ప్రదర్శించొద్దు, ఇప్పుడు అన్నీ ఒకే తెర మీద కనబడుతున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది హాజరు రిజిస్టర్. దీని మీద ఒక ముచ్చట. లష్కర్ (సికింద్రాబాద్) బోనాల మరునాడు, అంటే గుడిలో భవిష్యవాణి చెప్పే రంగం రోజు, నేను లెక్కలు చూసే ఒక సంస్థకు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. గదికి తాళం. తాళం తీయించి రిజిస్టర్ చూశారు. ఆ రోజు సోమవారం, ఇంకా సాయంత్రం కూడా కాలేదు, అప్పటికే 38 మంది హాజరు! నెలంతటికీ ముందే టిక్కులు పెట్టేసింది మా టీచరు. పోయినేడాది రంగం రోజు పేజీ తిప్పారు, అక్కడా 38 మందే. "ఏమమ్మా, లష్కర్‌లో రంగం నాడు 38 మంది పిల్లలు ఇక్కడ కూర్చొని లెక్కలు చేసుకున్నారా?" అని నవ్వారు. ఆయన నవ్వాడు కానీ రిపోర్టు నవ్వలేదు. పిల్లలు నిజంగా వచ్చే సంస్థ అది, చదువు నిజంగా చెప్పే సంస్థ. పండగ రోజు సున్నా అని రాసి ఉంటే ఆ పక్క రోజుల 38ని ఎవరైనా నమ్మేవారు. రాని రోజు రాలేదని రాయండి. వానొచ్చి పన్నెండు మందే వస్తే పన్నెండు అని రాసి పక్కన వాన అని రాయండి. తడబడి కొట్టివేతలున్న రిజిస్టర్ చూస్తే నాకు ధైర్యం. మల్లెపూవులా ఉన్న రిజిస్టర్ చూస్తే భయం.

నా సొంత తప్పు కూడా చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక సంస్థకు పోషకాహారం పద్దు కింద డబ్బొచ్చింది. అదే సమయానికి ఇంటి ఓనర్ అద్దె కోసం గొడవ. ఆకలికి అన్నం ఎంత ముఖ్యమో తల మీద కప్పూ అంతే కదా అని, ఆ పద్దులోంచి మూడు నెలల అద్దె కట్టించాను. ఒక్క పైసా ఎవరూ తినలేదు, రసీదులన్నీ ఉన్నాయి. యూసీ తిరిగొచ్చింది. శాంక్షన్ ఆర్డర్‌లో ఏ పద్దుకు ఎంత అని ఉందో అంతే, మార్చాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి. ఆ డబ్బు సభ్యులు చేతి నుంచి వేసుకొని తిరిగి కట్టారు, రెండో వాయిదా రానేలేదు. ఆ ప్రెసిడెంట్ గారు ఇప్పటికీ నన్ను పలకరిస్తారు, అది ఆయన మంచితనం. అప్పటినుంచి శాంక్షన్ ఆర్డర్ రాగానే దాన్ని పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించి గోడకు అంటించడం అలవాటు చేసుకున్నాను. యూసీ గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలలు, కానీ మీరు జూన్ దాటనీయకండి. గ్రాంటు ఖాతాలో పడిన వడ్డీ మీది కాదు, వెనక్కి కట్టేయాలి. ఆ డబ్బుతో కొన్న ఫ్యాను, బల్ల స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి నంబర్ వేయండి, అడక్కుండా అమ్మడానికి లేదు.

ఎంపీ నిధుల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ఒక్క ముక్క. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, అవి శాశ్వత ఆస్తులకే. జీతాలకు, టిఫిన్‌కు రావు.

డబ్బుకు బదులు చోటు అడగడం తేలిక అని నా అనుభవం. మీ 9,000 అద్దె ఏడాదికి లక్షా 8 వేలు. సాయంత్రం ఖాళీగా ఉండే ప్రభుత్వ బడి గది, పొద్దున ఖాళీగా ఉండే వార్డు కమ్యూనిటీ హాలు దొరికితే అది అంత గ్రాంటు వచ్చినట్టే. హెడ్‌మాస్టర్ గారికి మౌఖికంగా ఒప్పుకోవాలని ఉంటుంది, కాగితం మీద పెట్టాలంటే భయం. విద్యాశాఖ అధికారి దాకా అర్జీ పెట్టి, తాళం ఎవరి దగ్గర ఉంటుందో, కరెంటు బిల్లులో ఎంత మీరు కడతారో, ఏదైనా పగిలితే ఎవరు బాగుచేస్తారో మీరే ముందుగా రాసిస్తే ఒప్పుకోవడం సులువవుతుంది.

అది దొరికేదాకా ఇప్పుడున్న గదులకు అద్దె అగ్రిమెంట్ సొసైటీ పేరు మీద రాయించుకోండి. మీలో ఎవరో ఒకరి పేరు మీద ఉంటే ఆడిట్‌లో పనికిరాదు. ఓనర్ పాన్ నంబర్ ఇవ్వనంటాడు, రసీదు రాయనంటాడు, అద్దె పెంచుతానంటాడు. ఇంకో వెయ్యి పెంచమన్నా పెంచి రసీదు తీసుకోండి. నెలకు వెయ్యి పోతే పోయింది, ఆ కాగితం లేక ఆగిపోయిన ఫైలు నా బీరువాలో ఇప్పటికీ ఒకటుంది.